నాలుగో పుస్తకంలో మణి

బియ్యంలో ఇప్పుడు రాళ్లు రావడం లేదు. మిల్లులోనే శుభ్రం చేసి, సంచికి కుట్టు వేసి మరీ పంపిస్తున్నారు. అయినా వినీల మధ్యాహ్నం భోజనాలయ్యాక చేట నిండా బియ్యం పోసుకుని పెరటి మెట్ల మీద కూర్చుని ఏరుతూనే ఉంటుంది. ఏరుతోందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి బియ్యాన్ని ఒక పక్కకి తోసి, రెండో పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుంటుంది. ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే పుస్తకం మీదికి నాలుగు గుప్పెళ్ల బియ్యం జరుపుతుంది.

ఈ కిటుకు పెళ్లయిన కొత్తల్లోనే కనిపెట్టింది. ఆడదాని చేతిలో పుస్తకం కనిపించిందంటే చాలు, ఇంట్లో అందరికీ ఒకేసారి దాహం వేస్తుంది. బొత్తాం ఊడిన చొక్కా గుర్తొస్తుంది, గ్యాసు బుక్ చెయ్యడం గుర్తొస్తుంది. "ఖాళీగానే ఉన్నావుగా, వినీ" అంటాడు భర్త విజయ్ పాల్, ఎంతో మృదువుగా. అదే చేతిలో చేట ఉంటే, పాపం పనిలో ఉందిలే అని పక్కనించి వెళ్లిపోతారు. పనిలో ఉన్నదాన్ని కదిలిస్తే ఆ పని తామెక్కడ అందుకోవలసి వస్తుందోనని భయం. హైస్కూల్లో పదో తరగతికి సోషల్ చెప్పే మనిషి, నలభై ఎనిమిదేళ్ల వయసొచ్చాక, సొంత ఇంట్లో నవల చదువుకోవడానికి బియ్యం అడ్డం పెట్టుకోవాలా అని ఒక్కోసారి తనకే నవ్వొస్తుంది. నవ్వు రాని రోజులు కూడా ఉన్నాయి.

ఇది మే నెల. మరమ్మతుల కోసం కాలవ కట్టేశారు. ఎండిపోయిన కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఎండకి రామచంద్రపురం మొత్తం తలుపులు వేసుకుని పడుకుంది. లోపల అత్తగారు సంపూర్ణమ్మ ఏసీ గదిలో కునుకు తీస్తున్నారు. వినీల ఒళ్లో చేట, చేటలో బియ్యం, బియ్యం పక్కన మణి.

ఈ మణి ఎవరో ముందు చెప్పాలి. ఎప్పుడో అరవై ఏళ్ల క్రితం ఒక మిషను బడి పంతులమ్మ 'సోదరి' అనే పేరు పెట్టుకుని ఆడపిల్లల కోసం వరసగా ఐదు నవలలు రాసింది. 'పడవ మణి', 'హాస్టల్లో మణి', 'మణి టీచరు', 'మణి సంసారం', 'మణి పిల్లలు'. మణి గోదావరి మధ్య లంకలో పుట్టిన పిల్ల. తండ్రి పడవ నడుపుతాడు. పదకొండేళ్లకే తనూ తెడ్డు పట్టుకుని ఏరు దాటి బడికి వెళ్తుంది. ఎవరు ఏం చెప్పినా "ఎందుకని?" అంటుంది. పెద్ద పడవలో బడి పెట్టి, లంక లంకకీ తిరుగుతూ పిల్లలకి చదువు చెప్పాలని ఆమె కోరిక. రాజమండ్రి మిషను హాస్టల్లో చదువుకున్న ఆడపిల్లలకి మణి తెలియకపోవడమన్నది లేదు. వినీలా వాళ్లు రెండు జడలు వేసుకుంది కూడా మణిని చూసే.

ఆ హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. శనివారం మధ్యాహ్నం అమ్మాయిలంతా వరండాలో వరసగా కూర్చుని వారానికి సరిపడా బియ్యం ఏరాలి. అప్పట్లో బియ్యంలో నిజంగానే రాళ్లుండేవి. ఒక్క అమ్మాయికి మాత్రం ఏరడం నించి సెలవు. ఆమె మధ్యలో స్టూలు మీద కూర్చుని అందరికీ వినిపించేలా పుస్తకం చదవాలి. పిల్లల చేతులు ఆడుతూ నోళ్లు మూతపడాలని వార్డెనమ్మగారు పెట్టిన ఏర్పాటు అది. పిల్లలు మాత్రం ఆ శనివారం కోసం మిగతా వారమంతా బతికేవారు. వినీల మణిని కళ్లతో చదివినదానికంటే చెవులతో విన్నదే ఎక్కువ. అందులోనూ ఆమె జ్ఞాపకంలో మణికి ఉన్న గొంతు హెలెన్ గొంతు. హెలెన్ అంటే పక్క మంచం అమ్మాయి, ప్రాణ స్నేహితురాలు, ఇప్పుడు రాజమండ్రిలోనే ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల మీద సూపరింటెండెంటు.

సెలవులు మొదలవగానే హాస్టల్లో పాత విద్యార్థినుల కూటం జరిగింది. హెలెన్‌కి డ్యూటీ పడి రాలేదు. వినీల ఒక్కతే వెళ్లింది. భవనానికి రిపేర్లట, పాత పుస్తకాలన్నీ కాయితాల కొట్టుకి వేసేస్తున్నారు. ఆ గుట్టలో ఐదుగురు మణులూ ఒకే పురికొసతో కట్టి కనిపించారు. వినీల ఆ కట్టని చీర కొంగులో చుట్టి, దొంగతనం చేసినదానిలా బస్సెక్కింది. "ఏంటి అంత బరువు?" అని విజయ్ పాల్ అడిగితే, "స్కూలు పేపర్లండి" అంది. పేపర్లంటే ఆయన ఇంక అడగడు. దిద్దమంటుందేమోనని.

ఆ రోజు నించీ వినీల రెండు ఊళ్లలో కాపురం చేస్తోంది. చారు పోపు వేస్తుంటే అవతల లంకలో మంచు విడుతూ ఉంటుంది. అత్తగారికి ఇన్సులిన్ ఇవ్వడానికి సూదిలో గాలి తీస్తుంటే, తెడ్డు నీళ్లలో దిగిన చప్పుడు వినిపిస్తుంది. తడి బట్టలు ఆరేస్తూ దుప్పటి ఎత్తితే అది గాలి నింపుకుని తెరచాప అవుతుంది, ఆ తెరచాప కింద మణి, పాదాలకి అంటిన ఒండ్రుతో. "ఈ మధ్య పరధ్యానం ఎక్కువైంది నీకు, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది" అన్నారు సంపూర్ణమ్మ. పడితే పడింది. ముప్పై అయిదేళ్ల తర్వాత మణి మళ్లీ దొరికింది. రెండు రోజులు ఉప్పు ఎక్కువ తింటే ఎవరికీ ఏమీ కాదు అనుకుంది వినీల, పైకి "సారీ అత్తయ్యగారూ" అంటూ.

అలా కలలో నడుస్తున్నట్టుగా ఉన్న రోజుల్లోనే ప్రమోషన్ల జాబితా వచ్చింది. హెడ్మాస్టర్ల పోస్టులకి కాకినాడలో కౌన్సిలింగు. సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరినీ పిలుస్తారు, ఖాళీలు చూపిస్తారు, కావలసిన చోటు కోరుకోవాలి. అక్కర్లేదంటే "నాట్ విల్లింగ్" అని చెప్పి సంతకం పెట్టి వచ్చెయ్యాలి. వినీల పేరు జాబితాలో ఉంది. దగ్గర ఊళ్లన్నీ పైవాళ్లు తీసేసుకుంటారు. తన వంతు వచ్చేసరికి మిగిలేవి ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డు స్కూళ్లు. రెండు బస్సుల ప్రయాణం, లేకపోతే అక్కడే గది తీసుకుని ఉండాలి.

ఆ సాయంత్రం ఆమె టీ తెచ్చేసరికి విజయ్ పాల్ ఫోన్లో ఉన్నాడు. అవతల టీచర్ల యూనియన్ దొరబాబు.

"అవునండి, మావాళ్లు ఈసారి కూడా వద్దంటున్నారండి. ఆఁ, అదే చెప్పెయ్యండి అక్కడ," అని ఫోన్ పెట్టేసి టీ కప్పు అందుకున్నాడు.

మావాళ్లు అంటే తనే. ఒక్క మనిషే అయినా వాళ్లు.

"నన్నడగలేదేంటండీ?" అంది వినీల.

"అడగడానికేముంది, వినీ? నువ్వు వెళ్తానంటే నేనేమైనా వద్దంటానా? అంతా నీ ఇష్టం. కాకపోతే అమ్మకి ఇంజెక్షన్లు, నా భోజనం, చర్చి పనులు... నువ్వే ఆలోచించు." టీ తాగి, "చక్కెర కొంచెం ఎక్కువైంది" అన్నాడు.

విజయ్ పాల్ చెడ్డవాడు కాడు. తాగడు, గొంతు పెంచడు, పనిచేసే ట్రెజరీ ఆఫీసులో నిజాయితీపరుడని పేరు. నా భార్య గవర్నమెంటు టీచరని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. అతను "నీ ఇష్టం" అన్నప్పుడల్లా ఆ ఇష్టం ఏమై ఉండాలో కూడా వెంటనే చెప్పేస్తాడు, ఆమెకి శ్రమ లేకుండా. ఆరేళ్ల క్రితం ఇలాగే జాబితాలో పేరొచ్చింది. అప్పుడు కూతురు షారోన్ పదో తరగతి. "దాని జీవితం ముఖ్యమా, నీ కుర్చీ ముఖ్యమా?" అన్నాడు అంతే మృదువుగా. వినీల "మీ ఇష్టం" అంది. నాట్ విల్లింగ్ అని చెప్పి వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో స్త్రీల సమాజంలో సంపూర్ణమ్మ లేచి సాక్ష్యం చెప్పారు, మా కోడలు కుటుంబం కోసం కుర్చీని వదులుకుందని. అందరూ ఆమెన్ అన్నారు. సిగ్గులేకుండా చెప్పాలంటే, ఆ వారమంతా వినీలకి గర్వంగానే ఉంది.

ఆ గర్వం ఎంతో కాలం నిలవలేదు. తనకంటే జూనియరు వీరవెంకటసత్యనారాయణ గారు ప్రమోషన్ మీద తన స్కూలుకే హెడ్మాస్టరుగా వచ్చారు. "మేడమ్, మీకు అనుభవం ఎక్కువ కదండీ" అంటూ టైం టేబులు ఆమెచేత వేయిస్తారు, పై ఆఫీసుకి వెళ్లే రిపోర్టులు ఆమెచేత రాయిస్తారు, కింద సంతకం మాత్రం తను పెడతారు. ఇన్స్పెక్షన్ అయ్యాక వచ్చినవాళ్లు ఆయనకి చెయ్యి కలిపి వెళ్తారు. వినీల స్టాఫ్ రూములో టీ కప్పులు లెక్క సరిపోయాయో లేదో చూసుకుంటుంది, ఎందుకంటే అదీ ఆమె పనే. షారోన్ ఇప్పుడు విశాఖపట్నంలో పీజీ చదువుతోంది. ఈసారి వద్దంటే మళ్లీ పేరు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. అది ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు.

కౌన్సిలింగుకి ముందు వచ్చిన ఆదివారం ఇంకో విచిత్రం జరిగింది. ఆరాధన ముగిశాక స్త్రీల సమాజం కూడింది. సంపూర్ణమ్మ తెల్ల చీర సర్దుకుని లేచారు.

"అందరికీ వందనాలు. దేవుడు మా ఇంటికి చేసిన మేలు చెప్పడానికి నిలబడ్డానమ్మా. మా కోడలికి మళ్లీ పెద్ద పదవి వచ్చింది. పెద్ద జీతం. కానీ ముసలిదాన్ని, సుగరుదాన్ని, నన్ను చూసుకోవాలని ఈసారి కూడా వద్దనుకుంది. ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుద్దమ్మా?"

"ఆమెన్," అన్నారు అందరూ.

ఎక్కడైనా జరిగిన మేలుకి సాక్ష్యం చెబుతారు. జరగబోయేదానికి ముందే చెప్పేశారు సంపూర్ణమ్మ. వెనక బల్ల మీద కూర్చున్న వినీల వైపు అన్ని తలలూ తిరిగాయి. ఆమె మొహం దానంతటదే చిరునవ్వు పెట్టుకుంది. ఆ నవ్వుని లోపలినించి చూస్తూ, ఇది ఎవరి మొహం అనుకుంది. అత్తగారి మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. ఆవిడ కళ్లలో నీళ్లు కూడా నిజమైనవే కావడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే వినీల చేట తీసుకుని మెట్ల మీదికి వచ్చేసింది. ఈవేళ 'మణి సంసారం'. ఈ పుస్తకంలో ఒక చోటు కోసం ఆమె మొదటినించీ ఎదురు చూస్తోంది. మణి పడవ బడి నడుపుతూ ఉంటుంది. దానియేలు మాస్టారితో పెళ్లవుతుంది. ఒకనాడు మాస్టారు, "ఇంక బడి చాలించు, మణీ. ఇల్లాలు ఇంటిపట్టున ఉంటే అందం" అంటాడు. అప్పుడు మణి గరిటె కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని అంటుంది: "ఇల్లు మనిద్దరిది. బడి నా ఒక్కదానిది. కాసేపు మీరు ఇల్లు చూస్తూ ఉండండి, నేను బడి చూసొస్తాను." అని పడవెక్కి వెళ్లిపోతుంది. మాస్టారు గరిటె పట్టుకుని గట్టు మీద నిలబడిపోతాడు. ఎన్నేళ్లయినా ఆ మాట వినీలకి అక్షరం పోకుండా గుర్తుంది. ఆ మాటతో పాటు వేపాకు వాసన, కళ్లలో పడే ఎండ కూడా గుర్తున్నాయి. ఎందుకో తెలియదు.

ఆ పేజీ వచ్చింది. మాస్టారు అనవలసింది అన్నాడు.

"మణి శిరస్సు వంచుకొన్నది. 'మీ ఇష్టమే నా ఇష్టము' అన్నది. ఆమె కనుల ఆనందబాష్పములు నిలిచినవి. ఆ వారమే పడవను కలప వర్తకునికి అమ్మివేసిరి."

వినీల మళ్లీ చదివింది. పేజీ తిప్పింది. తర్వాతి అధ్యాయంలో మణి ఆవకాయ పెడుతోంది. మధ్యలో కాయితాలు చిరిగిపోయాయేమోనని అంకెలు చూసింది. వరసగానే ఉన్నాయి. ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. గరిటె లేదు, గట్టు లేదు. ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు.

చేట పక్కన పెట్టేసి, దాచుకోవడం కూడా మర్చిపోయి, మెట్ల మీదే ఐదో పుస్తకం తెరిచింది. 'మణి పిల్లలు'లో మణి ఇంక మణి కాదు. "తల్లి కాఫీ తెచ్చెను." "తల్లి దీపము వెలిగించెను." "తల్లి నవ్వి ఊరకుండెను." ఒక్కసారైనా "ఎందుకని?" అంటుందేమోనని చివరిదాకా వెతికింది. పుస్తకం మొత్తంలో మణి నోరు విప్పింది భోజనానికి రమ్మనడానికే. ఏరు దాటిన పిల్లని, వరదలో తెడ్డు వదలని పిల్లని, ఇలా వంటింట్లో కూర్చోబెట్టి పేరు కూడా లాగేసుకుంటారా? వినీలకి ఏడుపు వచ్చింది, ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు. సోదరి మీద ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఎదురుగా ఉంటే గట్టిగా అడిగేసేది. కాసేపటికి ఆవిడ మీద జాలి కూడా వేసింది. ఆ మహాతల్లి ఏ వంటింటి గుమ్మంలో కూర్చుని, ఎవరు చూస్తారోనని ఏ చాటున పెట్టుకుని రాసుకుందో, ఏ పెద్దమనిషి చదివి ఇది మార్చు, అది తీసెయ్ అన్నాడో.

సాయంత్రం డాబా మీద ఆరిన మామిడి తాండ్ర చాపలు చుట్టడానికి వెళ్లి, అక్కడినించి హెలెన్‌కి ఫోన్ చేసింది.

"ఏంటే, ఆదివారం పూట గుర్తొచ్చాను?" అంది హెలెన్.

"హెలెన్, నిన్నొకటి అడగాలి. మణి సంసారం నువ్వు చదివినప్పుడు, మణి ఆయనతో ఒక మాట అంటుంది చూడు, ఇల్లు మనిద్దరిది, బడి..."

"బడి నా ఒక్కదానిది," అందుకుంది హెలెన్. "మర్చిపోతానా? కానీ నేనెక్కడ చదివానే? చదివింది నువ్వు."

"నేనా? నీ గొంతేగా అది!"

"నా గొంతేంటి, నాకు ఆటలమ్మ పోస్తేను! నన్ను సిక్ రూములో పడేశారు కదే. కిటికీకి వేపమండలు కట్టారు. ఎవర్నీ రానివ్వలేదు. నువ్వు రోజూ బడి విడిచాక బయట ఇటుకల మీద ఎక్కి నిలబడి, ఆ ఎండలో, నాకు వినిపించాలని అరుస్తూ చదివేదానివి. వార్డెనమ్మగారు చెవి పట్టుకుని లాక్కెళ్లారు కూడా ఒకరోజు. అన్నీ మర్చిపోయావా?"

వినీల తాండ్ర చాప పక్కన కూలబడింది. వేపాకు వాసన. కళ్లలో ఎండ.

"హెలెన్, ఆ మాట పుస్తకంలో లేదే," అంది మెల్లిగా. "ఇప్పుడే చూశాను. పుస్తకంలో మణి, మీ ఇష్టమే నా ఇష్టం అంటుంది. పడవ అమ్మేస్తారు."



"లేకపోవడమేంటి?" అంది హెలెన్. గొంతు మారిపోయింది. "నేను మా ఆయనతో ఆ మాటే అన్నానే. మా బాబు ఫిన్నీ పుట్టినప్పుడు, నైట్ డ్యూటీలు చేసే ఆడది సంసారానికి పనికిరాదని మా మామగారు అంటే, ఈయన కూడా రాజీనామా పెట్టెయ్ అన్నారు. నాకు మాటే రాలేదు. ఏడుస్తూ కూర్చున్నాను. అప్పుడు మణి గుర్తొచ్చింది. ఇల్లు మనిద్దరిది, ఆసుపత్రి నా ఒక్కదానిది, బాబుని చూస్తూ ఉండండి అనేసి డ్యూటీకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి పిల్లాడికి పాలు పట్టి పడుకోబెట్టారు. అది పుస్తకంలో ఉందన్న ధైర్యంతోనే అన్నానే. అచ్చులో ఉంది కదా, ఎవరో పెద్దవాళ్లు రాశారు కదా, తప్పయ్యుండదు అనుకున్నాను."

"నేను కల్పించి ఉంటాను," అంది వినీల.

"పదమూడేళ్లదానివి!" హెలెన్ నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదింది. "నీ మాట పట్టుకుని నేను ఇంతదాన్నయ్యాను. మరి నువ్వేంటే..."

అని ఆగిపోయింది. స్నేహితురాలు కాబట్టి ఆగిపోయింది. "డ్యూటీకి టైమైంది, తర్వాత చేస్తాను" అని పెట్టేసింది.

వినీల డాబా మీదే ఉండిపోయింది. కొబ్బరి మట్టల సందుల్లోంచి ఎండ పచ్చబడుతోంది. ఎక్కడో చేలగట్ల అవతల గోదావరి ఉంది, ఇక్కడికి కనిపించదు. కళ్లు మూసుకుంటే మాత్రం ఒక్కొక్కటే తేటపడుతున్నాయి. కాళ్ల కింద ఇటుకలు కదలడం. వేపమండల సందులో హెలెన్ మొహం, నిండా పొక్కులు. "మణి ఏమందే, చెప్పు, ఏమంది?" అంటున్న నీరసం గొంతు. తన కళ్లు ఒక వరస ముందుకు వెళ్లి మణి ఏమందో చూసేశాయి. ఛీ అనిపించింది. అదే చదివితే హెలెన్ ఏడుస్తుంది. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి ఆ మాట వచ్చేసింది, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. అది ఎక్కడినించి వచ్చింది? ఎవరూ నేర్పలేదు. ఇంట్లో అమ్మ అనగా వినలేదు, బడిలో టీచర్లు అనగా వినలేదు. రెండు జడల పిల్ల, జ్వరంలో ఉన్న స్నేహితురాలి కోసం, అచ్చులో ఉన్నదాన్ని పక్కకి నెట్టేసి చెప్పేసింది. చెప్పి, అది మణిదే అనుకుని మణికే ఇచ్చేసి, తను చేతులు దులుపుకుంది. ఆ తర్వాత పాతికేళ్ల కాపురంలో మాట కావలసిన ప్రతిసారీ అచ్చులో ఉన్నదే చదివింది.

"వినీలా! ఇంజెక్షను టైమైందమ్మా!" అని కింద నించి సంపూర్ణమ్మ పిలిచారు. వినీల తాండ్ర చుట్టి కిందికి దిగింది.  ఏం చెయ్యాలో ఇంకా తెలియదు. లోపల ఎవరో ఇటుకల మీద నిలబడి ఉన్నట్టు మాత్రం ఉంది.

కౌన్సిలింగు రోజు విజయ్ పాల్ సెలవు పెట్టి తోడు వచ్చాడు. "ఒక్క సంతకమేగా, గంటలో అయిపోద్ది. వచ్చేటప్పుడు కాజాలు కొనుక్కొద్దాం," అన్నాడు కారు నడుపుతూ, హుషారుగా.

కాకినాడలో ఆ హాలు నిండా జనం. వినీల గోడ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. మగ మాస్టర్లు ఒంటరిగా వచ్చారు. ఆడ టీచర్ల వెనక మాత్రం ఒక్కొక్క భర్త, చేతిలో ఫైలు, మంచినీళ్ల సీసా. పేరు పిలవగానే ఆవిడ లేస్తుంది, వెనక ఆయన లేస్తాడు. బల్ల అవతల అధికారి ఆవిణ్ణి అడుగుతారు, ఆవిడ వెనక్కి చూస్తుంది, ఆయన జవాబు చెబుతాడు. "మాకు దూరం అవుద్దండి." "మాకు పిల్లలండి." "మాకు వద్దండి." ఆవిడ సంతకం పెడుతుంది. ఇంతమంది టీచర్లు, ఇంత చదువు చెప్పినవాళ్లు, ఇక్కడికొచ్చేసరికి ఒక్కరికీ నోరు లేదు. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఆరేళ్ల క్రితం తను కూడా ఇదే హాల్లో ఇలాగే వెనక్కి తిరిగి చూసింది.

ఆమె పేరు పిలిచారు. లేచింది. విజయ్ పాల్ లేచాడు.

"వినీలగారూ, మీది దొరబాబుగారు ముందే చెప్పారండి," అన్నారు అధికారి, తల ఎత్తకుండా. "నాట్ విల్లింగ్ అని వేసేస్తున్నాను. ఇక్కడ సంతకం పెట్టెయ్యండి మేడమ్."

"అవునండి," అన్నాడు విజయ్ పాల్ వెనకనించి.

"నేను చెప్పలేదండి," అంది వినీల.

అధికారి తల ఎత్తారు.  వినీల గొంతు క్లాసులో ఉన్నట్టే పలికింది.

"ఉప్పాడ దగ్గర స్కూలు ఇంకా ఖాళీగానే ఉంది కదండీ? అది కావాలి నాకు."

"ఆలోచించుకోండి మేడమ్. అక్కడ సముద్రం కోసుకుంటూ కాంపౌండు గోడ దాకా వచ్చేసింది. పొద్దుట్నించీ ఎవరూ కోరుకోలేదు దాన్ని."

"నేను కోరుకుంటున్నానండి."

"వినీ," అన్నాడు విజయ్ పాల్ చిన్నగా, ఆమె మోచెయ్యి దగ్గరికి వంగి. "అమ్మ ఇంజెక్షను సంగతేంటి?"

"సాయంత్రం వచ్చాక మీకు నేర్పిస్తానండి. కష్టం కాదు," అని, అధికారి చూపించిన చోట సంతకం పెట్టింది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆర్డరు కాయితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, వినీల కారు వైపు కాకుండా రోడ్డు వైపు నడిచింది. స్కూలు ఒకసారి చూసొస్తానంది. విజయ్ పాల్ కారు తాళాలు చేత్తో పట్టుకుని ఆమె వెనకే వచ్చాడు. తిట్టలేదు. తిట్టడం అలవాటు లేని మనిషికి ఏం చెయ్యాలో తోచడం లేదు. ఇరవై అడుగుల అవతల ఉప్పాడ బస్సు ఆగి, కండక్టరు కేకలు పెడుతున్నాడు.

"అమ్మకేం చెప్పను నేను?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. "ఆదివారం అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పేసింది."

ఇంట్లో ఏది జరిగినా ఎవరికి ఏ మాట ఎలా చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మెత్తబరచాలో కూర్చుకునేది ఎప్పుడూ వినీలే. ఆయన తరఫున ఆవిడకి, ఆవిడ తరఫున ఆయనకి, ఇద్దరి తరఫున ఊరికి. ఇప్పుడూ అలవాటుగా ఒక మంచి మాట నోటిదాకా వచ్చేసింది. పెదవి దాటనివ్వలేదు.

"ఆలోచించండి," అంది బస్సు మెట్టెక్కుతూ. "మీ అమ్మగారే కదా, మీకే బాగా తెలుస్తుంది."